కొత్త కథకుల కథలు దిద్దకండి

తార్నాకలో ఇల్లుండి, నాలుగు కథలు అచ్చయ్యాయంటే మీ దగ్గరికి పిల్లలు వస్తారు. ఉస్మానియా హాస్టళ్ళు నడక దూరం. ఆదివారం సాయంత్రం సంచీలోంచి మడతపెట్టిన కాగితాలు తీసి, "సార్, జర చూసి దిద్దుతారా?" అంటారు. ఇప్పుడు కాగితాలు తగ్గి వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు ఎక్కువయ్యాయి. ఏదైనా సరే, నా మొదటి సలహా: దిద్దకండి.

దీన్ని బద్ధకం అనుకునేవాళ్ళున్నారు. నిజానికి దిద్దడమే సులువు. మనకు చెయ్యి తిరిగి ఉంటుంది కనక ఎత్తుగడ మార్చేస్తాం, చివరి పేరా కొట్టేస్తాం, సంభాషణలు కుదిస్తాం. అరగంటలో కథ నున్నగా తయారవుతుంది. కానీ అది మన కథ. రాసిన అమ్మాయికి మిగిలేది మన మెప్పు ఒక్కటే. తర్వాతి కథ మనకు నచ్చేట్టు రాస్తుంది, ఆ తర్వాతిది ఇంకా నచ్చేట్టు రాస్తుంది. ఒకే పెద్దాయన చుట్టూ తిరిగిన ఐదుగురి కథలు ఒకే చేత్తో రాసినట్టు ఉండటానికి కారణం ఇదే. ఇంతకంటే పెద్ద నష్టం ఇంకోటి లేదని నా నమ్మకం.

దిద్దే బదులు గొంతెత్తి చదివించండి. మధ్యలో ఆపకండి. నాలుక ఎక్కడ తడబడిందో, ఎక్కడ ఊపిరి ఆడలేదో చదివేవాళ్ళకే తెలుస్తుంది. అయ్యాక ప్రశ్నలు అడగండి. శిల్పం గురించి కాదు, కథలోని మనుషుల గురించి. హాస్టల్ మెస్‌లో వడ్డించే మనిషి మీద కథ రాసుకొచ్చాడనుకోండి. ఆయనది ఏ ఊరు? జీతం ఏ తారీఖున చేతికొస్తుంది? వేసవిలో మెస్ మూస్తే ఇల్లెట్లా గడుస్తుంది? ఆయన కొడుకు ఇదే యూనివర్సిటీలో సీటు కోసం ప్రయత్నించాడా? తెలియదంటే, తెలుసుకుని రమ్మని పంపండి. కొందరు మళ్ళీ రారు. వచ్చినవాళ్ళ కథ మాత్రం మారి వస్తుంది. జాలిపడి రాసిన మొదటి పేజీ దానంతటదే రాలిపోతుంది, ఎవరూ కొట్టెయ్యక్కర్లేదు.

రోజూ రాయమని కూడా చెప్పకండి. ఈ సలహా ప్రతి శిక్షణ శిబిరంలో వినపడుతుంది. కొడవటిగంటి కుటుంబరావు వందల కథలు రాశారు, నిజమే. రాత ఆయన ఉద్యోగం కూడా, దశాబ్దాలపాటు చందమామ నడిపారు. కానీ చాసో, కారా మాస్టారుగా పిలిచే కాళీపట్నం రామారావు, త్రిపుర తక్కువే రాశారు. త్రిపుర కథలైతే ఒక్క చిన్న సంపుటిలో సరిపోతాయి. తక్కువ రాశారని ఎవరూ వాళ్ళను పక్కన పెట్టలేదు. చెప్పాల్సింది లేని రోజు కూచుని రాస్తే వాక్యం తేలికవుతుంది, మనసు అబద్ధానికి అలవాటు పడుతుంది. ఆ రోజు కథ రాయడం మాని తార్నాక చౌరస్తా నుంచి సికింద్రాబాద్ బస్సెక్కి, పక్క సీట్లో వాళ్ళ మాటలు విని రమ్మనండి.

సాహిత్యం కోసం ఉద్యోగ ప్రయత్నం మానుకుంటానని ఒకడు వస్తాడు. మెచ్చుకోవద్దు. యూనివర్సిటీ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే వందలమంది పక్కన వాణ్ణి మళ్ళీ కూచోబెట్టండి. రావిశాస్త్రి వకీలు కాకపోతే ఆ కోర్టు కథలు మనకు ఎక్కడివి? పాలగుమ్మి పద్మరాజు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ఆయన కథ 'గాలివాన'కు 1952 ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. కారా మాస్టారు బడిపంతులు. జీతం ఉన్నవాడు సంపాదకుడికీ గురువుకీ కూడా భయపడడు. నాకు ఆ రెండోది ముఖ్యం.

ఇక భాష. ఈ యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైంది. ఈ చుట్టుపక్కల తెలుగులో ఉర్దూ ఎంత కలిసిపోయిందో చెప్పనక్కర్లేదు. నల్లగొండ, పాలమూరు, ఆదిలాబాద్ పిల్లలు ఇంటి మాటతో వస్తారు. ఆ మాటను పత్రిక భాషలోకి ఉతకకండి. అట్లాగని, బహుమతి కోసం యాస అద్దుకొచ్చిన కథను మెచ్చకండి. చదివించినప్పుడు రెండింటికీ తేడా తెలిసిపోతుంది.

పెద్ద విషయం రాయమని ప్రోత్సహించకండి. ఇది నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది. ఈ క్యాంపస్ 1969 తెలంగాణ ఉద్యమం చూసింది, మళ్ళీ అదే ఉద్యమాన్ని 2009 డిసెంబర్‌లో చూసింది. ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి నినాదాలిచ్చినవాళ్ళు కథ రాస్తే నినాదాలతోనే నింపుతారు. అది తప్పు కాదు, తొందర. ఆ రాత్రి గదిలో ఎవరు ఎవరికి అన్నం దాచిపెట్టారు, ఊళ్ళోని అమ్మకు ఫోన్లో ఏం అబద్ధం చెప్పారు అని అడగండి. 1969లోనే వచ్చిన 'అంపశయ్య' నవలలో నవీన్ తీసుకున్నది ఈ క్యాంపస్ విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజు. లేచిన దగ్గర్నుంచి అర్ధరాత్రి దాకా వాడి మనసులో తిరిగిన పేదరికం, సిగ్గు, కోరిక. యాభై ఏళ్ళు దాటినా ఆ పుస్తకం పేరే ఆయన ఇంటిపేరుగా నిలిచింది. ఒక్క రోజు చాలదని మనం పిల్లలకు ఏ ముఖంతో చెబుతాం?

ముందుమాట రాయకండి. మొదటి సంపుటికి అసలే వద్దు. పిల్లలు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి. పెద్దాయన రెండు పేజీల పొగడ్త ముందుంటే పాఠకుడు ఆ కళ్ళద్దాలతోనే చదువుతాడు, సమీక్షకుడు అందులోంచే రెండు వాక్యాలు ఎత్తుకుంటాడు. మొదటి పుస్తకం ఒంటరిగా వెళ్ళి పాఠకులను కలవాలి. ఆవిష్కరణ సభకు వెళ్ళండి, వెనక వరసలో కూచోండి, పుస్తకం డబ్బిచ్చి కొనండి.

చివరికి, వాళ్ళను మీ దగ్గర ఉంచుకోకండి. రెండు మూడు కథలయ్యాక మీ మాటలు వాళ్ళకు కంఠతా వచ్చేస్తాయి. అప్పుడు సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కించి శ్రీకాకుళం పంపండి. పురస్కారాలతో వచ్చిన సొమ్ము పెట్టి కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం, అక్కడుంది. పేరున్నవాళ్ళ పుస్తకాలు కాదు, పాత పత్రికల కట్టలు తియ్యమనండి. ఒకటి రెండు కథలు రాసి ఆగిపోయినవాళ్ళను వెతికి చదవమనండి. రైలు ఛార్జీకి లేకపోతే మీరివ్వండి. తిరిగొచ్చాక మీ ఇంటికి రాకుండా నేరుగా హాస్టల్‌కి పోయి రాసుకోమని ముందే చెప్పండి.