క్షార జల మహాత్మ్యం

మూడు గ్లాసులు, ఒక చుక్కల సీసా. ఈ వ్రతానికి అంతకు మించిన సరంజామా అక్కర్లేదు. కూల్‌డ్రింకులో రెండు చుక్కలు వేస్తే పసుపు, కుళాయి నీళ్లలో వేస్తే ఆకుపచ్చ, లక్షల్లో ధర పలికే క్షార జల యంత్రం నీళ్లలో వేస్తే నీలం. చూసేవాళ్లు నోరు తెరుస్తారు. తెరిచిన నోట్లో క్షార జలం పోస్తారు. రంగుల్లో మోసమేమీ లేదు, యంత్రం నీళ్ల పీహెచ్ ఏడు దాటిందని, అంటే అవి క్షారమేనని, ఆ చుక్కలు నిజమే చెబుతాయి. అబద్ధం మొదలయ్యేది ఆ తర్వాతి మాటతో: ఒంట్లో ఆమ్లం పేరుకోవడమే సర్వరోగాలకూ మూలమట, ఈ నీళ్లు తాగితే రక్తం క్షారమై మోకాళ్ల నొప్పి మొదలు క్యాన్సర్ దాకా అన్నీ మూటాముల్లె సర్దుకుంటాయట.

రక్తం ఎవరి దయా లేకుండానే కాస్త క్షారంగా ఉంటుంది. దాని పీహెచ్ 7.35కి, 7.45కి మధ్య కదలాడుతుంది. ఆ ఇరుకు హద్దును కాయడానికి రక్తంలో బైకార్బొనేట్ ఉంది, కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి ఊదేసే ఊపిరితిత్తులున్నాయి, మిగిలినదాన్ని మూత్రంలోకి తోసే మూత్రపిండాలున్నాయి. యంత్రం చెప్పినంత పనీ చేసి రక్తాన్ని ఆ హద్దు దాటిస్తే, కొన్నవాణ్ని అభినందించడం కాదు, ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. అదృష్టవశాత్తూ అది ఆ పని చేయలేదు.

ఎందుకు చేయలేదో లెక్క వేసుకోవచ్చు. పీహెచ్ కొలత 1909లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ చేతిలో పుట్టింది (అవును, ఆ బీరు కంపెనీదే). ఇందులో ఒక్కో మెట్టుకు గాఢత పదిరెట్లు మారుతుంది. పొట్టలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ రెండు అనుకుందాం. పీహెచ్ తొమ్మిదున్న లీటరు నీళ్లలోని క్షారాన్ని విరిచేయడానికి ఆ ఆమ్లం ఒక్క మిల్లీలీటరు చాలు. పొట్ట రోజుకు లీటరున్నరకు తక్కువ కాకుండా జఠరరసం ఊరిస్తుంది. సముద్రంలో కాకిరెట్ట అంటే ఇదే. నీళ్లలో కరిగిన ఖనిజ లవణాల బలం వేరే ఉందంటారా? ఉంటుంది, ఒప్పుకుందాం. కానీ ఆ బలమే కావాలంటే వంటింట్లో సోడాఉప్పు ఉంది. దాని గ్రాముకున్న ఆమ్లాన్ని విరిచే శక్తి పైన చెప్పిన లెక్కలో వెయ్యి లీటర్ల నీళ్లకు మించినది. అలాగని అదీ రోజూ మింగేది కాదు. పొట్టలో ఆమ్లం ఉన్నది క్రిములను చంపడానికి, పెప్సిన్‌తో పని చేయించడానికి. పేగులోకి దిగాక దాన్ని తటస్థం చేసే బైకార్బొనేట్‌ను క్లోమం ఉచితంగా ఇస్తూనే ఉంది.

మూత్రం పరీక్షిస్తే పట్టీ రంగు మారిందిగా అంటారు. మారుతుంది. ఎక్కువైన క్షారాన్ని మూత్రపిండాలు బయట పారబోశాయని దాని అర్థం. పారబోసినదాన్ని చూపి ఒంట్లో చేరిందనడం విడ్డూరం. ఇదే నోటితో పొద్దున్నే నిమ్మరసం తాగమంటారు, అది పుల్లనిదే అయినా ఒంట్లోకి వెళ్లాక క్షారమవుతుందని. నిమ్మకాయకే ఆ మహిమ ఉంటే ఇంక యంత్రం దేనికో!

క్యాన్సర్ మాటకు శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్‌ను సాక్షిగా లాక్కొస్తారు, 1931 నోబెల్‌తో సహా. ఆయనకు ఆ బహుమతి వచ్చింది కణాల శ్వాసక్రియలో పనిచేసే ఎంజైము మీద పరిశోధనకు. ప్రాణవాయువు ఉన్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజును పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయని ఆయన గమనించిన మాట నిజం. అంటే కణితి ఆమ్లాన్ని పుట్టిస్తోంది, ఆమ్లం కణితిని కాదు. ఈ క్షార సిద్ధాంతానికి అమెరికాలో పెద్ద ప్రచారకుడు, ‘పీహెచ్ మిరకిల్’ రచయిత రాబర్ట్ యంగ్. లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు 2016లో కాలిఫోర్నియా కోర్టులో దోషిగా తేలి, జైలుకు వెళ్లాడు. ఆ సంగతి చుక్కల సీసావాళ్లు చెప్పగా విన్నవాళ్లు అరుదు.

మూత్రపిండాలు చెడి రక్తంలో ఆమ్లం పెరిగినవాళ్లకు వైద్యులు బైకార్బొనేట్ మాత్రలు రాస్తారు. అది రక్తపరీక్ష చూసి, మోతాదు కట్టి ఇచ్చే మందు. అందరికీ క్షారమే అమృతమైతే ఆ అమృతం నల్గొండ బోరుబావుల్లో ఎప్పటినుంచో ఊరుతోంది. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లలో సాధారణంగా బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగడానికి ఆ క్షారగుణమే తోడ్పడుతుంది. ఆ సహజ క్షార జలం తరాల తరబడి తాగిన ఊళ్లలో పళ్లు గారపట్టాయి, ఎముకలు వంకర్లు పోయాయి. ఆ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి రోడ్డెక్కి అడిగింది కృష్ణా నీళ్లను. వాటి పీహెచ్ ఎంతో చెప్పమని కాదు.