అద్దె ఎవరు కట్టాల?

హైదరాబాదులో మా తమ్ముడి కొడుకూ, వాళ్ళ ఎదురు ఫ్లాటువాళ్ళూ కలిసి ఒక ఆయాను పెట్టుకోవాలనుకున్నారు. రెండిళ్ళు, ఇద్దరు పిల్లలు, ఖర్చు చెరిసగం. జీతం తక్కువేగానీ మావాడి ఫ్లాటులో ఒక గది ఇస్తారట. ఆ గది అద్దె లెక్కగట్టి జీతంలో కలిపారు. మనిషిని వెతికే పని మాత్రం మా ఊరు పెద్దముడియంలో ఉన్న నా నెత్తిన పడింది.

కువైట్‌లో అరబ్బుల ఇంట్లో చానా ఏళ్ళు చేసొచ్చిన ఒకామె మా వీధిలోనే ఉంది. అడిగాను.

"అద్దె లేని రూమమ్మా, ఏసీ కూడా ఉంది."

"రేత్రి పిల్లోళ్ళు యాడ పండుకుంటారన్నా?"

"నీ పక్కనే."

"ఇస్త్రీ బల్ల?"

"అదీ ఆ రూములోనే."

"అట్లయితే వాళ్ళ రూములో నేనుండేది కాదన్నా, నా రూములో వాళ్ళుండేది. అద్దె వాళ్ళనే కట్టమను!"

కువైట్ 2015లో ఇంటిపనివాళ్ళకు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని వద్దు, వారానికో సెలవు, తిండీ బసా యజమానివే. మరుసటేడు కనీస జీతం 60 దినార్లన్నారు. "అన్నీ కాగితం మీదేలే" అని ఆమె నవ్వింది. మనవాళ్ళు దేశం మొత్తానికీ అలాంటి కాగితం కూడా రాయలేదు.

పిల్లల పెంపకంలో మా ఊరి అనుభవం నిన్నా మొన్నటిది కాదు. చాళుక్య రాజు విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో పోరులో చనిపోతే, గర్భిణి అయిన ఆయన రాణి ముడివేము అగ్రహారం చేరిందనీ, విష్ణుభట్ట సోమయాజి ఆమెను కూతురిలా కాపాడాడనీ, అక్కడే ఆమె కొడుకు విష్ణువర్ధనుడు పుట్టాడనీ తూర్పు చాళుక్యుల శాసనాలు చెబుతాయి. ఆ ముడివేమే మా పెద్దముడియం అంటారు. కట్టుకథ అని కొట్టిపారేసే పండితులున్నారు, మేం మాత్రం వదులుకోం. ఆ సోమయాజి గది అద్దె అడిగినట్టు ఏ రాగిరేకులోనూ లేదు.

మావాడికి ఫోను చేసి ఇంకో సంగతి అడిగాను: "రేపు ఎదురింటోళ్ళు అమెరికా పోతే?" సగం జీతం పోతుందన్నాడు. "మీరే పోతే?" గదీ పోతుందన్నాడు. అంటే ఒకే రోజు ఆమెకు పనీ లేదు, ఇల్లూ లేదు. దీన్ని వాడు 'ప్యాకేజీ' అంటాడు!

ఆయాను వెతికే దంపతులారా, ముందు జీతం పూర్తిగా ఇవ్వండి, గదిని అందులో కలపకండి. పని మానిపిస్తే ఇంకో చోటు చూసుకునేదాకా ఉండనివ్వండి. ఆ ఇస్త్రీ బల్ల మీ పడకగదిలో వేసుకోండి.