నేను తిమింగలం పన్నును కాను

చెప్పుకోవడానికి నాకు గొప్ప వంశమేమీ లేదు. భూమిలోంచి తోడిన నూనె, ఫ్యాక్టరీలో ఒక అచ్చు, పట్టుకోవడానికి పిడి, పైన మూత. బట్టలు తెల్లబరిచే బ్లీచు పోసి అమ్మిన ప్లాస్టిక్ డబ్బాను. ఖాళీ కాగానే ఎవరో విసిరేస్తే కాలువలోంచి అట్లాంటిక్‌లోకి జారాను. ఉప్పునీళ్లు ముందు నా లేబుల్‌ని తినేశాయి, తర్వాత రంగుని. ఒడ్డున నాచులో పడి ఉన్న నన్ను దూరం నుంచి చూస్తే ఎముకే అనుకోవాలి.

నన్ను ఏరుకున్నది డ్యూక్ రైలీ. 1972లో బోస్టన్‌లో పుట్టి బ్రూక్లిన్‌లో స్థిరపడిన కళాకారుడు. పచ్చబొట్లు కూడా పొడుస్తాడు. మనిషి కాస్త తేడా అని ముందే చెప్పాలి. 2007లో పాతకాలపు జలాంతర్గామి నమూనా ఒకటి తయారుచేసుకుని, అందులో కూర్చుని క్వీన్ మేరీ 2 ఓడ దగ్గరికి వెళ్లి పోలీసులకు దొరికాడు. 2016లో పావురాల కాళ్లకు బుల్లి దీపాలు కట్టి బ్రూక్లిన్ రేవు మీద ఎగరేశాడు. అలాంటివాడి చేతిలో పడ్డాక నేను మాత్రం మామూలు డబ్బాగా ఎలా మిగులుతాను?

ముందు నాకు పాత దంతం రంగు పూశాడు. ఆపైన నల్ల సిరాతో వెంట్రుకవాసి గీతలు. చివర మైనం. మూత బిగించే మరలు అలాగే ఉన్నాయి. నా గుట్టు బయటపెట్టేవి అవే.

ఈ పని ఆయన కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దంలో న్యూ ఇంగ్లండ్ నుంచి తిమింగలాల వేటకు వెళ్లిన నావికులు ఏళ్ల తరబడి సముద్రం మీదే ఉండేవారు. పొద్దుపోక తిమింగలం పన్ను మీద సూదితోనో కత్తితోనో గీకి, ఆ గీతల్లో మసి రుద్దేవారు. ఓడలు, వేట, ఇంటి దగ్గరి ఆడవాళ్లు అందులో బొమ్మలయ్యేవి. దాన్నే స్క్రిమ్‌షా అంటారు. వేట జరిగింది పళ్ల కోసం కాదు, దీపాలకూ యంత్రాలకూ కావలసిన నూనె కోసం. 1859లో పెన్సిల్వేనియాలో బావి తవ్వి రాతినూనె తోడాక దీపాల్లోకి కిరోసిన్ వచ్చింది. ఆ రాతినూనె సంతానమే నేను. అంటే ఆ పన్నూ నేనూ ఇద్దరం నూనె వ్యాపారం వదిలేసిన మిగులే! తేడా ఒక్కటే, దాన్ని కన్న జంతువుకి ప్రాణముంది.

పూర్వపు ఓడలూ వేటగాళ్లూ ఉండేచోట రైలీ ఇప్పటి దొరలను గీశాడు. చమురు, ప్లాస్టిక్, సీసా నీళ్ల వ్యాపారాల పెద్దలు వాళ్లు. నా పొట్ట మీదా ఒకాయన ఉన్నాడు, కోటు వేసుకుని, మర్యాదగా. వెక్కిరింతకు ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా అభిప్రాయం. తిట్టలేదు, గౌరవంగా బొమ్మ గీశాడు. ఆయన సరుకు మీదే గీశాడు, అంతే.

2022 జూన్ నుంచి 2023 ఏప్రిల్ దాకా బ్రూక్లిన్ మ్యూజియంలో మా ప్రదర్శన జరిగింది. అదే ప్రదర్శనలో అసలు స్క్రిమ్‌షాలూ పెట్టారు. ఒకప్పుడు నావికులు ఇంటికి తెచ్చిన గవ్వల ప్రేమకానుకల పెట్టెల్లాంటివి రైలీ మా చెత్తతో చేశాడు. ఒడ్డున దొరికిన ప్లాస్టిక్‌తో చేపల గాలాలకు ఎరలు కూడా చేశాడు.

మావాళ్లెవరైనా ఎక్కడైనా ఎదురుపడితే ‘అచ్చం దంతంలా ఉందే’ అని మెచ్చుకుని వెళ్లిపోకండి. బొమ్మలో ఉన్న పెద్దమనిషి ఎవరో, ఏం అమ్ముతాడో అడిగి తెలుసుకోండి.