వలదు పక్కం

చిత్తూరు నుంచి గుడియాత్తం పెళ్ళికి పోవడానికి ఎవర్నీ దారి అడిగే పన్లేదు. పరదరామి మీదుగా తిన్నగా పోవడమే. మా మామగారు వయసులో ఉండగా లుంగీల కోసం స్కూటరేసుకుని ఆ దారినే పోయొచ్చేవారట. కానీ మొన్న ఆయనకి పొద్దున వేలూరు ఆస్పత్రిలో చూపించుకునేది ఉంది, మా అత్తగారికి శ్రీపురం బంగారు గుడి మొక్కు ఉంది, సాయంత్రం ఆరింటికి గుడియాత్తంలో రిసెప్షన్. తిన్నటి దారి కాస్తా త్రిభుజమైంది.

త్రిభుజం అన్న మాట నేను మామగారి ముందు అనకుండా ఉండాల్సింది. ఆయన సర్వేయరుగా రిటైరయ్యారు. "1802లో లాంబ్టన్ దొర మద్రాసు పరంగికొండ కాడ ఏడున్నర మైళ్ళ గీత కొలిచినాడు అల్లుడూ. దాని మీద త్రిభుజాలు అల్లుకుంటా మంగళూరు దాకా పోయినాడు. అర టన్ను యంత్రాన్ని కొండలెక్కించినాడు. మీరు జేబులో ఫోను పెట్టుకుని పెళ్ళికి పోలేరా?"

పోగలం. కాకపోతే కారులో మూడు ఫోన్లున్నాయి.

రాత్రే మావాడు సభ పెట్టాడు. గూగుల్ మ్యాప్స్ 2005 నుంచీ ఉంది, ట్రాఫిక్ సంగతి దానికి బాగా తెలుసు అన్నాడు. మ్యాప్‌మైఇండియా వాళ్ళది మ్యాపల్స్, 1995లో మొదలైన మన దేశపు కంపెనీ అంది మా ఆవిడ, స్వదేశీ అభిమానం కొద్దీ. నేను 2004లో పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వైపు నిలబడ్డాను. ఊళ్ళో వాళ్ళు ఎవరికి తెలిసిన సందు వాళ్ళు గీసి పెట్టే పటం అది. ముందే దించుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పలుకుతుంది. మామగారు అన్నీ విని, "ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి పోయి, ఏడాది దాటినాక తిరిగొచ్చినాడు. మజిలీ మజిలీకీ యాడ నీళ్ళు బాగుంటాయో, యాడ సత్రముందో రాసి పెట్టినాడు. మీ మూడింట్లో ఏది చెప్తాది, నీళ్ళ సంగతి?" అన్నారు. ఆయనకి షుగరు. నీళ్ళంటే రెండు రకాల నీళ్ళూ అని మేం అర్థం చేసుకున్నాం.

పొద్దున బయల్దేరాక జరిగిన ఘనకార్యాల్లో ఏది ఏ యాప్‌దో చెప్పను. ఎవరి పరువు వాళ్ళది. ఒకటి మాత్రం ఇంటి గేటు దగ్గరే నోరు జారింది. మా అత్తగారు ముచ్చటపడి ఫోన్లోకి "వేలూరు" అన్నారు. అది "ఏలూరు" అని విని, గోదావరి వైపుకి రాత్రంతా పట్టే దారి గీసి చూపించింది. మామగారు ఫోను దగ్గరికి తీసుకుని, కోర్టులో సాక్షి చెప్పినట్టు "రాయవేలూరు" అన్నారు. దానికి అది రాయచూరు దాకా పోయింది. గుడియాత్తం సంగతి సరేసరి. ఇంగ్లీషులో ఆ ఊరిని ఒక టీ కొట్టినా రెండు టీలు కొట్టినా, హెచ్ ఉంచినా తీసేసినా చెల్లుతుంది. రైలు స్టేషను బోర్డుది ఒక వరస, బస్సు బోర్డుది ఇంకో వరస. పైగా రైలు స్టేషను ఊళ్ళో ఉండదు, ఊరికి దూరంగా ఉంటుంది. ఊరి పేరు కొట్టి కళ్ళు మూసుకుని పోతే స్టేషన్లో దిగి పెళ్ళికొడుకుని వెతుక్కోవాలి. అందుకని పెళ్ళివారినే మండపం దగ్గర నిలబడి లొకేషను పంపమన్నాను. మూడు యాప్‌ల మీద వాదించిన రాత్రంతటికీ పనికొచ్చిన తెలివి అదొక్కటే.

ఆస్పత్రి పని పన్నెండింటికి అయింది. కాఫీ తాగుతూ మిగతా దారి తేల్చుకుందామని కూర్చున్నాం. ఇప్పుడు యాప్‌లు దారి వెతికే లెక్కలకి మూలమైన సూత్రాన్ని 1956లో డైక్‌స్ట్రా అనే డచ్చాయన ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగుతూ, కాబోయే భార్య పక్కనుండగా, ఇరవై నిమిషాల్లో కట్టేశాడట. కాబోయే భార్య కాబట్టి సరిపోయింది. అయిన భార్య, అత్తామామలు పక్కనున్న నాకు నలభై నిమిషాలైనా తేలలేదు. కాట్పాడి వైపు వెనక్కి పోయి లత్తేరి, కేవీ కుప్పం మీదుగా పోతే టోలు లేదు. హైవే మీద పళ్ళికొండ దాకా పోయి తిరిగితే టోలుంది, వేగముంది. ఫోన్లు మూడూ ఒకే మాట మీద ఉన్నాయి, ఏది త్వరగా చేరుస్తుందో అదే దారి. మా కారులో త్వరగా చేరాలని ఎవరికీ లేదు. మామగారికి చెట్ల చాటు కావాలి. అత్తగారికి గుడి కావాలి. మా ఆవిడకి చీర నలగని రోడ్డు కావాలి. మావాడికి సిగ్నలు కావాలి. నాకు వీళ్ళలో ఎవరూ నన్ను తిట్టని దారి కావాలి. ఆ ఆప్షను సెట్టింగుల్లో ఎక్కడా లేదు.

బంగారు గుడి దగ్గర యాప్‌లకి తగిన శాస్తి జరిగింది. 2007లో కట్టిన ఆ గుడి ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. మనం మాత్రం నక్షత్రం ఆకారంలో వేసిన దారెంట కోణం కోణం తిరిగి, తిరిగి చేరాలి. అడ్డదారి లేదు. "చూడు, ఇది దారంటే" అన్నారు అత్తగారు, మోకాళ్ళు పట్టుకుని.

అక్కణ్ణుంచి హైవే ఎక్కాం. పళ్ళికొండ అంటే కొండా కాదు, పళ్ళూ కాదు, రంగనాథుడు పవళించిన ఊరు. ఆ ఊరు దగ్గరపడుతుండగా నా ఫోను "ఎడమవైపు సర్వీసు రోడ్డులోకి దిగండి" అంది. గుడియాత్తం ఉన్నది కుడివైపు. మామగారికి యంత్రం మీద అనుమానం వచ్చింది. కారు ఓరగా ఆపించి, టీ కొట్టు పెద్దాయన్ని అడిగారు. ఆయన గాజుగ్లాసు కడుగుతూనే, తల ఎత్తకుండా, "గుడియాత్తమా? వలదు పక్కం" అన్నాడు.

మా మామగారిది పద్యాలు చదువుకున్న చెవి. "విన్నావా అల్లుడూ, వలదు అంటా ఉండాడు. పెద్దమనిషి. ఎంత చక్కని తెలుగు! ఈ పక్క వద్దు, నేరుగా పోనీ."

నాకు అరవం అంతంతమాత్రం. పోనిచ్చాను. ఫోను గోల పెట్టింది, దాని నోరు నొక్కేశాం. ఆంబూరు బిర్యానీ బోర్డులు వరసగా కనపడ్డం మొదలెట్టాక మావాడు వెనక సీట్లోంచి మెల్లగా, "తాతయ్యా, వలదు అంటే అరవంలో కుడి" అన్నాడు.

కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంటే టీ కొట్టాయన చెప్పిందీ నిజమే, ఫోను చెప్పిందీ నిజమే. హైవే మీద కుడికి పోవాలంటే ముందు ఎడమకి దిగి, వంతెన కిందనుంచి దూరాలి. ఇద్దరు సత్యవంతుల మధ్య మేం పది పన్నెండు కిలోమీటర్లు ఎక్కువ తిరిగాం. "ముందే చెప్పలేదేంరా?" అంటే, "తాతయ్య పద్యం చదువుతున్నారనుకున్నా" అన్నాడు.

గుడియాత్తంలో చివరి మలుపు తిప్పి, ఫోను "గమ్యం చేరుకున్నారు, కుడివైపున" అంది. కుడివైపున కౌండిన్య నది. ఇసుక, గడ్డి, రెండు మేకలు. మామగారు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు. "మన పలమనేరు వైపు నుంచే వచ్చింది ఇది. ఏ యాప్ పెట్టుకుని వచ్చిందో, దారి తప్పకుండా వచ్చింది." పెళ్ళివారి పిల్లాడు మండపం గేటు దగ్గర నిలబడి లొకేషను పంపమంటే గట్టు మీద నిలబడి పంపాడు. అక్కడ సిగ్నల్ బాగుంటుందట.

ఒక లుంగీ కట్టుకున్నాయన మా అవస్థ చూసి, తెలుగులోనే, "ముందరికి పోతే ఒక చింతమాను ఉన్నింది నైనా, ఆడ తిరుక్కో" అన్నాడు. ఎంత చూసినా చింతమాను లేదు. వెనక్కొచ్చి అడిగితే, "కొట్టేసినారు కదా! అందుకే ఉన్నింది అన్నా" అన్నాడు. ఆ లేని చెట్టు దగ్గర తిరిగితే ఎదురుగా మండపం.

రసం పోసుకుంటుండగా నా ఫోను మోగింది. బెంగళూరు నుంచి వస్తున్న మా తోడల్లుడు. దారి తప్పాడు. లొకేషను పంపుతానని నేను అంటుండగానే మామగారు ఎడంచేత్తో ఫోను లాక్కున్నారు.

"నువ్వు దాన్ని కట్టేసెయ్ నైనా. నేను చెప్తా విను. ముందరికొస్తే చింతమాను కాడ... లేదులే, ఇప్పుడు లేదు. ఆ లేని దాని కాడ వలదు పక్కం తిరుక్కో. వలదు అంటే వద్దని కాదు, వినిపిస్తా ఉండాదా?"