వినని మాట

ఇంట్లో ఎవరైనా పియానో ముందు కూర్చుంటే చాలు, ఆ పిల్ల ఏడుపు లంకించుకునేది. ఎక్కడో ఒక మూల నక్కి, వాయింపు ఆగిందని రూఢి చేసుకున్నాకే బయటికి వచ్చేది. చూడబోతే అది సంగీతం తప్ప మరొకటి లేని ఇల్లు. తండ్రి ఎర్నెస్ట్ బులాంజే పేరున్న స్వరకర్త, పారిస్ కన్సర్వేటరీలో గాత్రం నేర్పే ప్రొఫెసర్. తల్లి రైసా రష్యా నుంచి వచ్చి, ఆయన దగ్గర పాట నేర్చుకుని, ఆయన్నే పెళ్లాడింది. శిష్యులు వస్తూ పోతూ ఉండే ఆ ఇంట్లో 1887లో పుట్టిన నాదియాకు అయిదేళ్లు వచ్చేదాకా ఇదే వరస.

ఒకరోజు వీధిలో ఫైరింజన్ గంట మోగింది. ఈసారి పిల్ల దాక్కోలేదు. తిన్నగా పియానో దగ్గరికి పరుగెత్తి, ఆ గంటలో వినిపించిన స్వరాలు ఏ మెట్ల మీద పలుకుతాయో వెతకడం మొదలుపెట్టింది. అమ్మానాన్నా నివ్వెరపోయారు. ఆ తర్వాత తండ్రి శిష్యులకు పాఠం చెబుతుంటే తనూ శ్రద్ధగా వినసాగింది. సంగీతం వింటే ఏడ్చే పిల్లలకు చెవి లేదని మనం తేల్చేస్తాం. కొందరికి చెవి మరీ ఎక్కువై, అది తట్టుకోలేక ఏడుస్తారేమో. నాదియా విషయంలో నేను నమ్మేది అదే.

1893లో చెల్లెలు లిలీ పుట్టింది. పసిబిడ్డను చూపించే ముందు తండ్రి నాదియా చేత ప్రమాణం చేయించాడు, చెల్లెలి బాధ్యత నీదేనని. అప్పటికి ఆరేళ్లు కూడా నిండని పిల్ల ఆ మాటను జీవితాంతం మోసింది. తొమ్మిదో ఏట కన్సర్వేటరీలో చేరింది. పన్నెండో ఏట తండ్రి పోయాడు, ఇంట్లో డబ్బుకు కటకట మొదలైంది. 1904లో ఆర్గన్‌లో, పియానో సహకారంలో, అనేక గొంతులు అల్లుకుంటూ సాగే ఫ్యూగ్ రచనలో మొదటి బహుమతులు తెచ్చుకుని, ఆ ఏడే ర్యూ బల్యూ వీధిలోని 36వ నంబరు ఇంట్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. తన దగ్గర నేర్చుకునేవాళ్లలో కొందరు తనకన్నా పెద్దవాళ్లని, వయసు ఎక్కువగా కనిపించాలని ముదురు రంగు బట్టలు వేసుకునేదేమోనని ఆమె ఫోటోలు చూసినప్పుడల్లా అనిపిస్తుంది నాకు.

పాఠాలు పొట్ట కోసం. ప్రాణం మాత్రం స్వరరచన మీద ఉండేది. కన్సర్వేటరీలో గాబ్రియెల్ ఫోరే దగ్గర రచన నేర్చుకుంది. స్వరకర్తలకిచ్చే రోమ్ బహుమతిని 1835లో తండ్రి గెలిచాడు, అది తనూ గెలవాలని పలుమార్లు పోటీపడింది. 1908లో ఇచ్చిన ఇతివృత్తాన్ని గాత్రానికి రాయాలన్నది నియమం. అది వాద్యాలకే నప్పుతుందని ఆమెకు తోచింది. నాలుగు తీగవాద్యాలకు రాసి ఇచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఉన్న పెద్దాయన, స్వరకర్త సెంసాన్ మండిపడ్డాడు. గొడవ పత్రికలకెక్కింది. చివరికి రెండో బహుమతి ఇచ్చారు.

అయిదేళ్ల తర్వాత, 1913లో, మొదటి బహుమతి బులాంజేల ఇంటికి రానే వచ్చింది. గెలిచింది లిలీ, పందొమ్మిదేళ్ల వయసులో. స్వరరచనలో ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే. చంటిబిడ్డగా ఉన్నప్పుడు వచ్చిన న్యుమోనియా నుంచి పూర్తిగా కోలుకోని శరీరం, ఆమెను వెంటబెట్టుకుని సంగీతం నేర్పించిన అక్క. 1918 మార్చిలో, ఇరవై నాలుగేళ్లకే లిలీ వెళ్లిపోయింది. నాదియా మిగిలిన జీవితమంతా చెల్లెలి రచనలను ఊరూరా వినిపిస్తూనే ఉంది.

ఇక ఆ 36వ నంబరు ఇంటి మెట్లు ఎక్కినవాళ్లను తలచుకుంటే 20వ శతాబ్దపు సంగీతంలో సగం కళ్లముందు నిలుస్తుంది. 1921లో ఫాంటెన్‌బ్లోలో అమెరికన్ విద్యార్థుల కోసం సంగీత పాఠశాల తెరిస్తే ఆరన్ కోప్లండ్ వచ్చాడు. తర్వాత్తర్వాత దిను లిపాటి, క్విన్సీ జోన్స్, ఫిలిప్ గ్లాస్, పిల్లవాడుగా డానియెల్ బారెన్‌బోయిమ్. జార్జ్ గెర్ష్విన్ వస్తే మాత్రం చేర్చుకోలేదు. నేను నేర్పితే నీ సహజధోరణి చెడుతుందని పంపేసింది. బాఖ్ ఫ్యూగ్‌లో ఒక గొంతు పాడుతూ మిగతావి పియానో మీద వాయించమనేది. వేలు తప్పితే సహించేదేమో గానీ చెవి ఏమరితే ఊరుకునేది కాదు.

1954లో అర్జెంటీనా నుంచి ఆస్టర్ పియాజొల్లా వచ్చాడు. ముప్పై మూడేళ్లవాడు. సింఫనీలు, సొనాటాలు కట్టలుగా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఓపిగ్గా చూసింది. రాత బాగుంది, ఇక్కడ స్ట్రావిన్‌స్కీ ఉన్నాడు, అక్కడ బార్తోక్ ఉన్నాడు, ఇదిగో రావెల్, కానీ వీటిలో పియాజొల్లా ఎక్కడా కనబడటం లేదంది. నీ ఊళ్లో ఏం వాయిస్తావని ఆరా తీసింది. అతను చెప్పడానికి సిగ్గుపడ్డాడు. తిత్తి సాగదీసి వాయించే బాండోనియోన్ అతని వాద్యం, బ్యూనస్ ఐరిస్ క్లబ్బుల్లో టాంగో అతని బతుకుతెరువు. పెద్ద సంగీతం ఎదుట దాన్ని దాచిపెట్టాలనుకున్నాడు. ఆమె వదల్లేదు. పియానో మీద తన టాంగో ఒకటి వాయించక తప్పలేదు.

కొద్దిసేపు విని, ఆమె అతని చేతులు పట్టుకుంది. పియాజొల్లా అంటే ఇదేనని, దీన్ని ఎన్నటికీ వదలొద్దని చెప్పింది. పదేళ్లుగా రాసినదంతా ఆ క్షణాన వదిలేశానని అతనే తర్వాత చెప్పుకున్నాడు. టాంగో రూపురేఖలు మార్చిన సంగీతమంతా ఆ తర్వాత రాసిందే.

ఇలాంటి సన్నివేశమే అంతకు సుమారు ముప్పై ఏళ్ల ముందు, అదే పారిస్‌లో మరొకటి జరిగింది. ఒక వృద్ధ గురువు, ఆయన దగ్గర రచన నేర్చుకున్న ఒక శిష్యురాలు. తను ఇక రాయడం మానేశానని ఆమె చెప్పింది. తన సంగీతంలో తప్పుల్లేవట, కానీ అది ఎవరికీ అక్కర్లేనిదట. తనకు ఖాయంగా తెలిసిన సంగతంటూ ఉంటే అదొక్కటేనట. ముసలాయన చెవులు అప్పటికే దాదాపు పోయాయి. ఏ స్వరం విన్నా వంకరగా వినబడే స్థితి. అయినా శిష్యురాలు రాసిందేమిటో ఆయనకు తెలుసు. మానేసి మంచిపని చేశావని నేననుకోవడం లేదు, అన్నాడు.

ఆ ముసలాయన గాబ్రియెల్ ఫోరే. శిష్యురాలు నాదియా బులాంజే. అప్పటికి ఆమెకు ఇంకా నలభై కూడా రాలేదు. 1979 అక్టోబరులో, 92 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా పాఠాలు చెబుతూనే ఉంది, మళ్లీ రాయలేదు.