వాల్వు ఆంప్లిఫయరు వెలకు టీకా తాత్పర్యం

మూలము: చేతితో నల్లిన వెండితీగెలును, వెలుగు గాజుబుడ్లును, 8 వాట్లును గలది, వెల యడిగి తెలియవలయును.

టీకా: గాజుబుడ్లు = వాల్వులు; అనగా గాలి తీసేసిన గాజుగొట్టంలో కాగిన కాథోడు నుండి ప్లేటుకు పోయే ఎలక్ట్రాన్లను నడుమనున్న గ్రిడ్డు అనే తీగ అదుపు చేయగా, చిన్న సంకేతం పెద్దదయ్యే సాధనాలు; ఆ మూడవ తీగను 1906లో లీ డి ఫారెస్టు చేర్చాడు. చేతితో నల్లిన = బోర్డుపై అచ్చువేయక, ఒక్కొక్క తీగను టంకం పెట్టి అతికిన. వెండితీగెలు = జపానుకు చెందిన హిరోయాసు కొండో తన ఓంగాకు ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మర్లకు చుట్టిన రకానివి; రాగికన్నా వెండి విద్యుత్తును మెరుగుగా మోసేది ఆరేడు శాతమే. 8 వాట్లు = 300బీ అనే ట్రయోడు, అనగా కాథోడు, గ్రిడ్డు, ప్లేటు మూడే గల వాల్వు, ఒంటిగా ఇచ్చే శక్తి. వెల యడిగి = అడగనక్కరలేనివాడే కొనగలడని ధ్వని.

తాత్పర్యము: కదిరి, మదనపల్లెల నడుమ తనకల్లు వంటి ఊళ్లలో తిరునాలకు కట్టే మైకుసెట్టు సత్తాను శబ్దం ఎంత దూరం వినబడిందన్న దానితోనే కొలుస్తారు గనుక, లక్షలు పోసి 8 వాట్లేమిటన్న పూర్వపక్షం ఇక్కడ సహజమే. దానికి సమాధానం గాజులో లేదు, ఇనుములో ఉంది. వాల్వు వందల వోల్టులతో, స్వల్ప కరెంటుతో పనిచేస్తుంది. స్పీకరుకు తక్కువ వోల్టులు, ఎక్కువ కరెంటు కావాలి. ఈ రెంటినీ కలిపేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. డోలు మంద్రం నిలవాలంటే దాని ఇనుప కోరు లావుగా ఉండాలి, తాళం గలగల చెడకుండాలంటే లోపలి చుట్లను పొరలు పొరలుగా ఒకదానిలో ఒకటి చొప్పించాలి; పైగా ఒంటి వాల్వు పద్ధతిలో ఏకముఖ (డీసీ) కరెంటు ఆ కోరును ఎడతెగక అయస్కాంతపరుస్తుంది గనుక, కోరులో సన్నని ఎడం విడిచి, ఆ నష్టానికి మరింత ఇనుము పోయవలసి వస్తుంది. వాల్వు కాలంతోపాటు అరిగిపోతుంది. మంచి ట్రాన్స్‌ఫార్మరు మాత్రం కొన్నవాడి కొడుకుకూ పనికొస్తుంది. కనుక కొనదలచినవాడు ముందు పలకపై మెరుపు చూడక, పెట్టెను ఎత్తి బరువు చూసి, ఆపై బోర్లించి సాకెట్లు లోహపు చట్రానికి బిగించి ఉన్నాయా, లేక వాల్వు వేడికి టంకం పగిలే బోర్డుకే అతికించారా అని పరికించాలి.

విశేషము: బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీకి పూనుకొన్నందున, ఒకప్పుడు ఈ సీమకు బుడ్డి కొరత తీర్చే ఊరు అల్లంత దూరంలోనే ఉండేది, నేడు చైనా, రష్యా, స్లొవేకియాల వైపు చూడాలి. ఇక రసికులు మెచ్చే "వెచ్చదనం" సంగతి: ఒంటి ట్రయోడు చేర్చే దోషంలో పెద్దపాలు రెండవ హార్మోనిక్, అనగా పలికిన షడ్జానికి పైస్థాయి షడ్జం. తంబురా అలవడిన చెవికి అది దోషంగా తోచదు. కొలిచే యంత్రానికి మాత్రం దోషమే. చెవిని ఒప్పించే దోషానికి వెల కట్టడం తప్పు కాదు గాని, దానినే స్వచ్ఛత అని అమ్మడం వ్యాపారం.

పాఠాంతరము: "వెండితీగెలు" అన్నచోట "వెండిపూత తీగెలు" అని కొన్ని ప్రతులలో కనబడుతున్నది, వాటిలోనూ వెల విషయంలో పాఠభేదం లేదు.