మోర్ బెటర్‌కి మెలిపడ్డ చెవి

మొన్న కాఫీ తాగుతూ మా మనవడు 'నిన్నటికంటే ఇవాళ మోర్ బెటర్‌గా ఉంది తాతయ్యా' అన్నాడు. పక్కనే ఉన్న వాడి నాన్న ఫోన్లోంచి తలెత్తితే ఒట్టు.

మా రోజుల్లో అయితేనా! ఏడో తరగతిలో ఆ మాటే అన్నందుకు ఇంగ్లీషు మాస్టారు నా ఎడమ చెవి మెలిపెట్టి బెంచీ ఎక్కించారు. 'బెటర్‌లోనే మోర్ ఉంది కదరా! పులిహోరలో పులుసు పోసుకుంటావా?' అన్నారు. గుడ్, బెటర్, బెస్ట్ యాభైసార్లు రాయించారు. రెన్ అండ్ మార్టిన్ గ్రామరే మాకు వేదం.

రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే ఒళ్లు మండింది. షేక్స్‌పియర్ 'టెంపెస్ట్'లో ప్రాస్పెరో సాక్షాత్తూ మోర్ బెటర్ అనే అంటాడు. 'జూలియస్ సీజర్'లో బ్రూటస్ పొడిచిన పోటు ఆంటోనీ నోట మోస్ట్ అన్‌కైండెస్ట్ అయింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో పౌలు చెప్పిన మతశాఖ మోస్ట్ స్ట్రెయిటెస్ట్. బెన్ జాన్సన్ వ్యాకరణం ఆయన పోయాక 1640లో అచ్చయింది. అందులో ఈ రెట్టింపును గ్రీకుల పద్ధతిలో నొక్కిచెప్పే సొగసని మెచ్చుకుంటూ, ఆ వాక్యంలోనే మోస్ట్ ఏన్షియెంటెస్ట్ అనేశాడు మహానుభావుడు!

1762లో రాబర్ట్ లౌత్ వ్యాకరణం వచ్చి ఇది తప్పంది. వెనకొచ్చిన గ్రామర్లన్నీ అదే పాట పాడాయి. ఆ పాటే బెత్తమై మా ఊరి బడికి చేరింది. లెస్‌కి మళ్లీ తోక తగిలించిన లెస్సర్ మాత్రం దర్జాగా చెలామణీ అవుతోంది, దాని చెవి ఇప్పుడెవరూ పట్టుకోవడం లేదు!

ఇంకో విడ్డూరం. నా చెవి మెలిపడ్డ ఆ రోజే తర్వాతి పీరియడ్ తెలుగు. మొదట పక్కన మొదట చేరితే మొట్టమొదట, నడుమ పక్కన నడుమ చేరితే నట్టనడుమ. 'ఏం సంధిరా?' అంటే ద్విరుక్తటకార సంధి అన్నాను. మాస్టారు 'భేష్' అని వీపు తట్టారు. రెట్టించినందుకు ఒక గంటలో చెవి ఎర్రబడితే, మరుగంటలో వీపు పొంగింది.

ఇదంతా చెబితే మనవడు 'అయితే నాది కరెక్టేగా' అన్నాడు. కరెక్టట! షేక్స్‌పియర్ గట్టిగా చెప్పాలని రెట్టించాడు. వీడికి బెటర్ అంటే ఉత్త బాగు, అందుకని పైన మోర్ వేస్తాడు. ఆ తేడా చెబుదామంటే వీడి రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. మెలిపెట్టడానికైనా ఖాళీ లేదు.